కూలర్ కన్నా ముందు చొక్కా తడపాలి: కరెంటు లేని వడగాడ్పులో నీటి లెక్క

2021 జూన్ చివరి వారంలో కెనడా పశ్చిమ తీరాన ఉన్న బ్రిటిష్ కొలంబియా మీద వేడిగాలి కదలకుండా తిష్ఠ వేసింది. లిట్టన్ అనే చిన్న ఊళ్లో జూన్ 29న 49.6 డిగ్రీల సెల్సియస్ నమోదైంది. ఆ వారం రోజుల్లో వేడి వల్ల 619 మంది చనిపోయారని అక్కడి కరోనర్ల (మరణ కారణాలను విచారించే అధికారుల) దర్యాప్తు తేల్చింది. వాళ్లలో 98 శాతం మంది చనిపోయింది ఇంటి లోపలే, ఎండలో కాదు. వడదెబ్బ అనగానే పొలంలోనో రోడ్డు మీదనో తిరిగే మనిషి గుర్తొస్తాడు. లెక్కలు మాత్రం ఎక్కువగా గదుల వైపే చూపిస్తాయి: పైకప్పు పగలంతా కాగి, రాత్రి కూడా చల్లారని గదులు, ఒంటరిగా ఉండే వృద్ధులు.

ఏసీ లేని ఇంట్లో, కరెంటు పోయి ఏసీ ఉన్నా లేనట్టే అయిన ఇంట్లో, గుడారంలో, సహాయ శిబిరంలో, దారి మధ్యలో ఆగిపోయిన బండి పక్కన, చేత్తో మోసుకెళ్లే చిన్న వాటర్ కూలర్ ప్రాణం కాపాడుతుందా? కొన్ని చోట్ల బ్రహ్మాండంగా పనిచేస్తుంది. కొన్ని చోట్ల ఉక్కపోత పెంచి మనిషిని ఇంకా ప్రమాదంలోకి నెడుతుంది. ఈ తేడాకు కూలర్ మోడల్‌తో పెద్దగా సంబంధం లేదు. బయటి గాలి ఎంత పొడిగా ఉంది, తడిసిన గాలి బయటికి పోయే దారి ఉందా అన్నవి మొదట చూడాలి. ఆ తర్వాత, ఎవరూ పెద్దగా పట్టించుకోని ఇంకో సంగతి ఉంది: ఉన్న కాసిని నీళ్లు ఎక్కడ ఆవిరవుతున్నాయి? కూలర్ ప్యాడ్ మీదనా, మనిషి ఒంటి మీదనా?

కూలర్ చేసే పని

ఏసీ వేడిని గదిలోంచి తీసి బయట పారేస్తుంది. కూలర్ అలా చేయదు. గాలిలో ఉన్న వేడిని తీసుకుని నీటిని ఆవిరి చేయడానికి ఖర్చు పెడుతుంది, అంతే. వేడి ఎక్కడికీ పోదు, తేమ రూపంలో అదే గాలిలో దాక్కుంటుంది. గాలి ఉష్ణోగ్రత తగ్గుతుంది, తేమ పెరుగుతుంది.

ఈ మార్పిడిలో నీటికి ఉన్న బలం ఆశ్చర్యపరిచేంత పెద్దది. 30 డిగ్రీల దగ్గర ఒక లీటరు నీరు ఆవిరి కావాలంటే సుమారు 2,430 కిలోజౌళ్ల వేడి కావాలి. కరెంటు లెక్కలో చెబితే 0.67 యూనిట్లు. అంటే గంటకు ఒక లీటరు నీటిని ఆవిరి చేసే కూలర్ దాదాపు 670 వాట్ల వేడిని లాగేస్తోందన్నమాట. అదే లీటరు నీటిని ఆవిరి కానివ్వకుండా 20 నుంచి 30 డిగ్రీలకు వేడెక్కించడానికి పట్టేది 42 కిలోజౌళ్లే. అందుకే ట్యాంకులో చల్లని నీళ్లు పోస్తే గాలి బాగా చల్లగా వస్తుందన్న నమ్మకంలో పస లేదు. ఐసు వేయడమూ అంతే. కిలో ఐసు కరగడానికి తీసుకునే వేడి 334 కిలోజౌళ్లు, కిలో నీరు ఆవిరవడానికి తీసుకునే దానిలో ఏడో వంతు. పైగా ప్యాడ్ నీళ్లు మరీ చల్లబడితే ఆవిరి కావడం మందగిస్తుంది. ఆపదలో చేతికి ఐసు దొరికితే దాన్ని కూలర్లో కరిగించడం దండగ. గుడ్డలో చుట్టి మెడ మీద, చంకల్లో, గజ్జల్లో పెట్టుకుంటే ఆ చల్లదనం మొత్తం ఒంటికే అందుతుంది.

ఆవిరి శక్తి ఎంతటిదో 18వ శతాబ్దంలోనే ఇంగ్లండులో చార్లెస్ బ్లాగ్డెన్ అనే వైద్యుడు చూపించాడు. 1775లో రాయల్ సొసైటీ అనే శాస్త్రవేత్తల సంఘానికి సమర్పించిన ప్రయోగాల్లో ఆయన, ఆయన మిత్రులు 120 డిగ్రీల సెల్సియస్ దాటిన పొడి గదిలో కొన్ని నిమిషాల పాటు నిలబడ్డారు. అదే వేడికి పక్కన పెట్టిన గుడ్లూ మాంసమూ ఉడికిపోయాయి, మనుషులు క్షేమంగా బయటికొచ్చారు. ఆ గదిలో నీళ్ల పాత్రలు కూడా పెట్టారు. మూతలేని పాత్రలో నీళ్లు మరగలేదు. పైన కాస్త నూనె పోసి ఆవిరిని అడ్డుకున్న పాత్రలో నీళ్లు మరిగాయి. ఒంటి మీద చెమట ఆరడం ఆగిపోతే మనిషి పరిస్థితి ఆ నూనె పోసిన పాత్ర పరిస్థితే.

కింది హద్దు

కూలర్ గాలిని ఎంత వరకు చల్లబరచగలదో ముందే తెలుసుకునే మార్గం ఒకటుంది. థర్మామీటరు బల్బుకు తడిగుడ్డ చుట్టి గాలి తగిలేలా పెడితే అది కొంత దిగి ఒక చోట ఆగుతుంది. దాన్నే వెట్ బల్బ్ ఉష్ణోగ్రత అంటారు. మామూలు కూలర్ ఏదీ గాలిని ఆ అంకె కన్నా కిందికి దించలేదు. అసలు అంత దాకా కూడా రాదు. గాలి ఉష్ణోగ్రతకూ వెట్ బల్బుకూ మధ్య ఉన్న తేడాలో మందపాటి తేనెపట్టు ప్యాడ్లున్న మంచి కూలర్ 80 శాతానికి పైగా సాధిస్తుంది. పలుచటి గడ్డి ప్యాడ్లూ చిన్న పరికరాలూ అంతకన్నా తక్కువే. మధ్యస్థంగా 70 శాతం అనుకుని లెక్కేస్తే చాలు.

బయట 45 డిగ్రీలు, తేమ 10 శాతం ఉందనుకుందాం. వెట్ బల్బ్ 21, 22 డిగ్రీల దగ్గర ఉంటుంది. కూలర్ నుంచి వచ్చే గాలి 29 డిగ్రీలకు దిగుతుంది. ఎడారి లాంటి వేడిలో ఇది ప్రాణం లేచొచ్చే చల్లదనం. ఇప్పుడు 40 డిగ్రీలు, తేమ 50 శాతం తీసుకుంటే థర్మామీటరు ఇందాకటి కన్నా ఐదు డిగ్రీలు తక్కువ చూపిస్తోంది కదా అని సంబరపడటానికి లేదు. వెట్ బల్బ్ 31 దగ్గర ఉంది. కూలర్ గాలి 34 దాకా దిగుతుంది, తేమ మాత్రం 80 శాతానికి చేరుతుంది. ఆ గాలిలో చెమట సరిగా ఆరదు. 35 డిగ్రీలు, 70 శాతం తేమ ఉన్న సముద్రతీరపు రోజున వెట్ బల్బ్ 30. అక్కడ కూలర్ పంపు ఆన్ చేయడం కన్నా ఫ్యాను ఒక్కటే తిప్పుకోవడం మేలు.

కాబట్టి ఆపదకాలపు సామానులో కూలర్ కన్నా ముందు ఉండాల్సింది ఒక మామూలు థర్మామీటరు, ఒక నూలుగుడ్డ ముక్క. గుడ్డను మామూలు నీళ్లతో తడిపి బల్బుకు చుట్టి, నీడలో ఐదు నిమిషాలు విసనకర్రతో విసిరి చూస్తే సరిపోతుంది. డిజిటల్ థర్మామీటరైతే బయటికి వైరుతో వచ్చే సెన్సరున్నదే దీనికి పనికొస్తుంది. తడి అంకె 24 లోపు ఉంటే కూలర్ బాగా పనిచేస్తుంది. 27, 28 దగ్గర ఉంటే ఎదురుగా కూర్చున్న మనిషికి కొంత ఉపశమనం ఇస్తుంది, గది చల్లబడదు. 30 దాటితే పంపు ఆపేయడం మంచిది. ఇవి గీత గీసినట్టు ఉండే హద్దులు కావు, కానీ ఫోన్లో వాతావరణం యాప్ చూపించే తేమ శాతం కన్నా నమ్మదగ్గవి. ఎందుకంటే ఇవి మనిషి కూర్చున్న చోటే కొలిచినవి.

యాప్‌లోని తేమ శాతంతో ఇంకో చిక్కుంది. తెల్లవారుజామున చూసి 60 శాతం ఉంది, కూలర్ దండగ అని పక్కన పెట్టేసేవాళ్లు ఉంటారు. గాలిలో నీటి ఆవిరి పరిమాణం పెద్దగా మారకపోయినా వేడి పెరిగేకొద్దీ శాతం పడిపోతుంది. తెల్లవారి 28 డిగ్రీల దగ్గర 60 శాతం ఉన్న గాలే మధ్యాహ్నం 42 డిగ్రీలకు చేరితే 28 శాతానికి దిగుతుంది. అప్పటి వెట్ బల్బ్ 27 దగ్గర ఉంటుంది. కూలర్ గాలిని 42 నుంచి 31, 32కి తేగలదు. చాలా పొడి ప్రాంతాల్లో కూలర్ బలం సరిగ్గా అత్యంత వేడి వేళకే పెరుగుతుంది, రాత్రికి తగ్గుతుంది. రాత్రి బయటి గాలి గదికన్నా చల్లగా ఉంటే పంపు ఆపి, కిటికీలు బార్లా తెరిచి, ఆ గాలినే లోపలికి తోసుకోవాలి. గోడలకు పట్టిన వేడి దిగేది అప్పుడే.

మూసిన గదిలో అర లీటరు చాలు

కూలర్‌తో ఎక్కువగా జరిగే తప్పు తలుపులు మూసుకోవడం. ఏసీ అలవాటు వల్ల వచ్చింది ఇది. చల్లగాలి బయటికి పోకూడదని కిటికీలు బిగిస్తారు. మొదటి పది నిమిషాలు హాయిగానే ఉంటుంది, ఆ తర్వాత ఊపిరాడనట్టు అనిపిస్తుంది.

కారణం చిన్న లెక్కలో కనిపిస్తుంది. 35 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి గరిష్ఠంగా సుమారు 40 గ్రాముల నీటి ఆవిరిని పట్టగలదు. 30 ఘనపు మీటర్ల చిన్న గదిలో తేమ 30 శాతం నుంచి 70 శాతానికి పెరగడానికి అర లీటరు కన్నా తక్కువ నీళ్లు చాలు. గోడల నుంచి, పైకప్పు నుంచి వేడి వస్తూనే ఉంటుంది కాబట్టి ఉష్ణోగ్రత మళ్లీ 35కే చేరుతుంది. మొదట పొడి వేడి, ఇప్పుడు తడి వేడి. కూలర్ ఉన్నందువల్ల గది ఇంకా అపాయకరమైంది. బండి లోపలా, చిన్న గుడారంలోనూ పరిస్థితి మరీ దారుణం. మూడు ఘనపు మీటర్ల చోటికి అర గ్లాసు నీళ్లు కూడా అక్కర్లేదు. అద్దాలు మూసిన బండిలో కూలర్ పెట్టుకుని కూర్చోవడమన్న ఆలోచనే రాకూడదు.

అందుకే కూలర్ వెనక భాగం కిటికీ దగ్గర, బయటి గాలి పీల్చుకునేలా ఉండాలి. దానికి ఎదురు వైపు ఇంకో కిటికీనో తలుపో కొంత తెరిచి ఉండాలి. తెరిచిన చోటు చాలుతోందో లేదో తెలుసుకోవడానికి ఆ సందులో పలుచటి కాగితం పట్టుకుంటే చాలు. కాగితం బయటి వైపు ఎగురుతుంటే తడిగాలికి దారి ఉన్నట్టే. గుడారంలో అయితే కూలర్ బయట నీడలో పెట్టి, గాలి మాత్రం లోపలికి వచ్చేలా చేసి, ఎదురు వైపు తెర ఎత్తాలి. కూలర్ ఎండలో ఉండకూడదు. ట్యాంకు వేడెక్కడం చిన్న సమస్యే, అది పీల్చే గాలి మరింత వేడిగా ఉండటం పెద్ద సమస్య.

ఒక గదికా, ఒక మనిషికా

మామూలు రోజుల్లో కూలర్ తాగే నీటి గురించి ఎవరూ పెద్దగా ఆలోచించరు. కుళాయిలు ఎండినప్పుడు, ట్యాంకర్ ఎప్పుడొస్తుందో తెలియనప్పుడు మొదటి ప్రశ్న అదే అవుతుంది.

30 ఘనపు మీటర్ల గదిని నిజంగా చల్లబరచాలంటే గంటకు ముప్పై సార్లు గాలి మారాలి, అంటే 900 ఘనపు మీటర్లు. బయట 40 డిగ్రీలు, 20 శాతం తేమ ఉంటే కూలర్ ఆ గాలిని 12 డిగ్రీలు దించుతుంది. దీనికి గంటకు దాదాపు ఐదు లీటర్ల నీళ్లు ఆవిరవుతాయి. మధ్యాహ్నం ఆరు గంటలు నడిపితే 30 లీటర్లు. అమెరికాలో అత్యవసర సంస్థలు మనిషికి రోజుకు ఒక గ్యాలన్, అంటే 3.8 లీటర్ల నీళ్లు దాచుకోమని చెబుతాయి. ఆ లెక్కన గది ఒక్క మధ్యాహ్నంలో ఎనిమిది మంది ఒకరోజు నీళ్లు తాగేస్తుంది.

ఇప్పుడు మనిషిని చూద్దాం. ఊరికే కూర్చున్న ఒళ్లు పుట్టించే వేడి సుమారు 100 వాట్లు. చుట్టూ గాలి 40 దాటితే బయటి నుంచి ఇంకా 200 వాట్లకు పైగా ఒంట్లోకి చేరవచ్చు. మొత్తం కలిపి తీసేయడానికి గంటకు అర లీటరు నీరు ఒంటి మీద ఆవిరైతే సరిపోతుంది. అందులో కొంత ఎలాగూ చెమట. మిగతాది తడి చొక్కా, తడి తువాలు ఇవ్వగలవు. గదిని చల్లబరచడానికి అయ్యే నీటిలో ఇది పదో వంతు. తేడా ఎక్కడుందంటే, ప్యాడ్ మీద ఆవిరైన నీరు గాలిని చల్లబరుస్తుంది, ఆ గాలిలో చాలా భాగం మనిషిని తాకకుండానే కిటికీలోంచి వెళ్లిపోతుంది. చర్మం మీద ఆవిరైన నీరు వేడిని ఎక్కువగా చర్మం నుంచే లాగుతుంది.

దీనివల్ల కూలర్ పనికిరానిదని అర్థం కాదు. ఒకే గదిలో నలుగురైదుగురు ఉంటే నీటి లెక్కలో తేడా బాగా తగ్గుతుంది. నిద్రపోయే పసిబిడ్డనూ మంచం దిగలేని పెద్దవాళ్లనూ గంటల తరబడి తడిబట్టల్లో ఉంచలేం. రాత్రంతా ఒకరు లేచి తువాళ్లు తడుపుతూ కూర్చోవడమూ అయ్యే పని కాదు. నీళ్లు పుష్కలంగా ఉండి, గాలి పొడిగా ఉన్న చోట కూలర్ నడపాల్సిందే. నీళ్లు తక్కువైతే మాత్రం వరుస మారుతుంది: మొదట తాగడానికి, తర్వాత ఒళ్లు తడపడానికి, మిగిలితేనే ప్యాడ్లకు.

తాగే నీళ్లను పొదుపు చేద్దామని గుటక గుటకగా తాగుతూ దాహాన్ని అణచుకునేవాళ్లకు ఒక మాట చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా శరీరధర్మ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ అడాల్ఫ్ బృందం ఎడారిలో సైనికుల మీద చేసిన పరిశోధనల్లో తేలింది ఏమిటంటే, నీళ్లు తాగకపోయినంత మాత్రాన చెమట పెద్దగా తగ్గదు. ఒళ్లు తన నీటిని ఖర్చు పెడుతూనే ఉంటుంది, మనిషి నీరసించి పడిపోతాడు. పొదుపు చేయాల్సింది చెమటను: నీడలో ఉండటం, పగటి పూట పని మానుకోవడం, బయటి నుంచి ఒళ్లు తడుపుకోవడం. బయటి నుంచి తడిపే నీళ్లు తాగేంత శుభ్రంగా ఉండక్కర్లేదు. బట్టలుతికిన నీళ్లు, చెరువు నీళ్లు, సముద్రపు నీళ్లు కూడా చొక్కా తడపడానికి పనికొస్తాయి. కళ్లలో, నోట్లో, పుండ్ల మీద పడకుండా చూసుకుంటే చాలు. తాగే నీళ్లు మిగులుతాయి.

వయసు మళ్లిన వాళ్ల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. వాళ్లకు చెమట తక్కువ పడుతుంది, దాహం ఆలస్యంగా తెలుస్తుంది. కొన్ని రకాల మందులు చెమటను ఇంకా తగ్గిస్తాయి. అలాంటి ఒంటికి బయటి నుంచి ఇచ్చే తడి, లేని చెమటకు బదులుగా పనిచేస్తుంది.

ఫ్యాను గురించి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. గది 40 డిగ్రీలు దాటితే ఫ్యాను ఒంటిని వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తుంది. పొడి చర్మం మీద వేడిగాలి కొడితే జరిగేది అదే. చర్మం, బట్టలు తడిగా ఉంటే లెక్క మారుతుంది, గాలి పొడిగా ఉన్నంత వరకు ఆవిరి లాగే వేడి గాలి తెచ్చే వేడిని మించిపోతుంది. అంటే తడి చొక్కా వేసుకుని ఫ్యాను ముందు కూర్చున్న మనిషికి అత్యంత సమర్థమైన ప్యాడ్ ఆ చొక్కాయే.

అరచేతి కూలర్లు, బకెట్ కూలర్లు

యూఎస్‌బీ వైరుతో నడిచే, టేబుల్ మీద పెట్టుకునే బుల్లి పెట్టెలను కొందరు ఏసీ అని కూడా పిలుస్తున్నారు. వాటిని ఏమాత్రం మొహమాటం లేకుండా అంచనా వేయాలి. ఇలాంటివి గంటకు 100 మిల్లీలీటర్ల నీటిని ఆవిరి చేస్తాయనుకుంటే అవి తీసే వేడి 67 వాట్లు. ఎదురుగా కూర్చున్న మనిషి పుట్టించే వేడి 100 వాట్లు. ఆ మనిషి వేడినే అది పూర్తిగా మోయలేదు, గదిని చల్లబరచడం సంగతి దేవుడెరుగు. ముఖానికి జానెడు దూరంలో పెట్టుకుంటే హాయిగా ఉంటుంది, నిజమే. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకులో వాడుకోగలిగేది దాదాపు 60 వాట్ అవర్లు. 5 వాట్ల పరికరమైతే 12 గంటలు నడుస్తుంది. అయితే అదే పవర్ బ్యాంకుతో చిన్న యూఎస్‌బీ ఫ్యాను నడుపుతూ మెడ మీద తడిగుడ్డ వేసుకుంటే ఫలితం అంతకన్నా మెరుగ్గా ఉంటుంది.

దీనికి పై మెట్టు 12 వోల్టుల డీసీ ఫ్యాను, చిన్న పంపు ఉన్న బకెట్ కూలర్. 20 లీటర్ల మూత బకెట్ పక్కలకు రంధ్రాలు చేసి, లోపల చుట్టూ ప్యాడ్ అమర్చి, అడుగున నీళ్లు పోసి, పంపుతో ప్యాడ్ పైభాగాన్ని తడుపుతూ, మూతలోని ఫ్యానుతో గాలి లాగేలా చేస్తారు. ఫ్యానూ పంపూ కలిపి 30 వాట్లు తీసుకుంటే, 100 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీని సగం వరకే వాడినా 20 గంటలు నడుస్తుంది. 100 వాట్ల సోలార్ ప్యానెల్ ఉంటే పగటి పూట బ్యాటరీ మీద భారమే పడదు. ఎండ మండే వేళకే ప్యానెల్ ఎక్కువ కరెంటు ఇస్తుంది, ఆ వేళకే కూలర్ అవసరం. ఇంత చక్కగా కుదిరే జోడీ అత్యవసర పరికరాల్లో అరుదు. పోర్టబుల్ ఏసీకి వెయ్యి వాట్ల దాకా కావాలి. దాన్ని బ్యాటరీల మీద రోజంతా నడపడం చాలా ఇళ్లకు సాధ్యం కాదు.

పంపు చెడిపోతే కంగారు పడక్కర్లేదు. ఇరవై నిమిషాలకొకసారి మగ్గుతో ప్యాడ్ల మీద నీళ్లు పోసినా కూలర్ పనిచేస్తుంది. ఫ్యాను కూడా ఆగిపోతే గాలి వచ్చే కిటికీకి తడి దుప్పటి కట్టడం మిగులుతుంది. గాలి వీస్తేనే దాని వల్ల ఉపయోగం. గాలి లేనప్పుడు అది కిటికీకి అడ్డంగా వేలాడే తడిగుడ్డ మాత్రమే, తీసేయాలి.

మనిషికి కాకుండా వస్తువుకు కావలసిన చల్లదనం అయితే చెంబెడు నీళ్లు రోజంతా సరిపోతాయి. నైజీరియాకు చెందిన ఉపాధ్యాయుడు మొహమ్మద్ బా అబ్బా ఒక మట్టికుండలో ఇంకో కుండ పెట్టి, మధ్యలో తడి ఇసుక నింపి, కూరగాయలు పాడవకుండా దాచే పద్ధతిని ఊరూరా పంచాడు. 2000 సంవత్సరంలో ఆయనకు రోలెక్స్ పురస్కారం వచ్చింది. ఫ్రిజ్ ఆగిపోయిన ఇంట్లో ఇన్సులిన్ లాంటి మందుకు ఇదే సూత్రం పనికొస్తుంది. మందు తడవకుండా మూతబిగించిన డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను తడి కుండలో నీడన గాలి తగిలే చోట ఉంచితే పొడి వాతావరణంలో చాలా డిగ్రీల తేడా వస్తుంది. లోపల థర్మామీటరు పెట్టి చూసుకోవడం మాత్రం తప్పనిసరి.

కూలర్ తెచ్చే కొత్త అపాయాలు

అన్నిటికన్నా చప్పుడు లేకుండా చంపేది జనరేటర్ పొగ. కరెంటు పోయింది, కిటికీ పక్కన జనరేటర్ పెట్టారు, అదే కిటికీలో కూలర్ బయటి గాలిని పీలుస్తోంది. జనరేటర్ వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. కూలర్ దాన్ని నేరుగా నిద్రపోతున్నవాళ్ల మీదికి ఊదుతుంది. జనరేటర్ ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, కూలర్ ఉన్న వైపు కాకుండా, పొగ అవతలికి పోయేలా ఉండాలి.

కార్చిచ్చు పొగ కమ్ముకున్న రోజుల్లో కూలర్ పెద్ద చిక్కుముడే. అది పనిచేయాలంటే బయటి గాలి కావాలి, ఆ గాలి నిండా పొగే. తడి ప్యాడ్ దుమ్మును కొంత ఆపుతుంది కానీ ఊపిరితిత్తుల్లోకి దిగే సన్నటి పొగ రేణువులను ఆపదు. అలాంటప్పుడు కిటికీలు మూసి, పంపు ఆపి, తడిబట్టలతో, ఫ్యానుతో నెట్టుకురావాలి. గది తట్టుకోలేనంత వేడెక్కితే అక్కడి నుంచి వెళ్లిపోవడమే దారి.

రేకు పెట్టె కూలర్లతో షాక్ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. నీళ్లు, ఇనుము, తడికాళ్లు, అత్యవసరంలో హడావుడిగా కలిపిన వైర్లు. నీళ్లు పోసేటప్పుడు ప్లగ్ తీసేయాలి, ఎర్త్ లేని చోట 12 వోల్టుల కూలర్లే వాడాలి.

నీటి శుభ్రత విషయంలో ప్యాడ్ కూలర్‌కూ, సన్నటి తుంపర చల్లే మిస్ట్ యంత్రాలకూ తేడా ఉంది. ప్యాడ్ మీద నీరు ఆవిరిగా మారుతుంది, మురికి ప్యాడ్ మీదే ఉండిపోతుంది. తుంపర యంత్రం ఆ మురికితో సహా గాలిలోకి చిమ్ముతుంది, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చెరువు నీళ్లు మిస్ట్ యంత్రంలో పోయకూడదు. ప్యాడ్ కూలర్లో కూడా గోరువెచ్చటి పాత నీళ్లు రోజుల తరబడి నిలవ ఉంచితే వాసన, పాచి, బ్యాక్టీరియా చేరతాయి. వారం దాటితే డెంగీ దోమలు పుడతాయి. రెండు మూడు రోజులకొకసారి ట్యాంకు పూర్తిగా ఒంపేసి ఆరబెట్టాలి. ఉప్పునీళ్లు పోస్తే కొద్ది రోజులకే ప్యాడ్లు గట్టిపడి గాలి ఆగిపోతుంది.

తేమ వేడి ముందు కూలర్ ఓడిపోతుంది

గాలి తేమతో నిండి ఉన్నప్పుడు కూలర్ ఎంత పెద్దదైనా చేయగలిగింది లేదు. 1905లోనే బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ స్కాట్ హాల్డేన్ వేడి గనుల్లో పరిశీలించి, కదలని గాలిలో వెట్ బల్బ్ 31 డిగ్రీలు దాటితే ఊరికే ఉన్న మనిషి ఒంటి ఉష్ణోగ్రత కూడా పెరగడం మొదలవుతుందని గుర్తించాడు. 2010లో వచ్చిన ఒక అంచనా, మనిషి తట్టుకోగల గరిష్ఠ వెట్ బల్బ్ 35 డిగ్రీలని చెప్పింది. ఆ అంకె బాగా ప్రచారమైంది. 2022లో అమెరికాలోని పెన్ స్టేట్ విశ్వవిద్యాలయం ఆరోగ్యవంతులైన యువకులను ప్రయోగశాలలో పరీక్షించి, ఇంటి పనుల్లాంటి తేలికపాటి శ్రమ చేస్తున్నప్పుడు తేమ వేడిలో ఆ హద్దు 30, 31 డిగ్రీలే అని చూపించింది. వందేళ్ల కిందటి గని లెక్కకు దాదాపు అదే అంకె. వృద్ధులకు హద్దు ఇంకా కిందే ఉంటుంది.

కాబట్టి తడి థర్మామీటరు 30 దగ్గర నిలబడి, గంటలు గడిచినా దిగకపోతే, కూలర్‌ను సరిచేయడం మీద సమయం వృథా చేయకూడదు. ఏసీ ఉన్న పొరుగిల్లు, గ్రంథాలయం, ఆసుపత్రి వరండా, భూమి కింది గది, ఏదో ఒక చల్లటి చోటికి మనుషులను తరలించాలి. రోజంతా అక్కడే ఉండలేకపోయినా రెండు మూడు గంటలు చల్లటి చోట గడిపితే ఒళ్లు కోలుకుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా కూడా అదే. దగ్గర్లో అలాంటి చోటు లేకపోతే తొట్టిలోనో పారే నీళ్లలోనో ఒళ్లు ముంచడం పనిచేస్తుంది. నీరు ఒంటికన్నా చల్లగా ఉంటే చాలు, గాలిలో ఎంత తేమ ఉన్నా దానికి పట్టదు.

మాట తడబడటం, అయోమయం, తూలడం, స్పృహ తప్పడం కనిపిస్తే అది అలసట కాదు, వడదెబ్బ. లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి మెదడు మీద ప్రభావం పడిందని అర్థం. అంబులెన్సుకు ఫోన్ చేసి, అది వచ్చేదాకా ఆగకుండా చల్లబరచడం మొదలుపెట్టాలి. చల్లటి నీళ్ల తొట్టి ఉంటే మెడ దాకా ముంచి, తల నీళ్లలో మునగకుండా పట్టుకుని ఉండాలి. తొట్టి లేకపోతే బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు పోస్తూ, దొరికిన అన్ని ఫ్యాన్లూ ఆ తడి ఒంటి మీదికి తిప్పాలి. గాలి పొడిగా ఉన్న ఊళ్లో కూలర్‌ను పంపుతో సహా మనిషికి రెండడుగుల దూరంలో పెట్టవచ్చు, తేమ ఊళ్లో పంపు ఆపి ఫ్యానుగా మాత్రమే వాడాలి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు. అవి ఊపిరితిత్తుల్లోకి వెళ్లవచ్చు. ఒంటి మీద ఎన్ని నీళ్లైనా పోయవచ్చు, సహాయం చేరేదాకా పోస్తూనే ఉండాలి.